రెండు వందల పన్నెండు గ్రాములు

ఆ ఎండాకాలం నా ఇంటికి మొదట ఒక పిల్ల వచ్చింది. మూడు వారాలకు ఒక పెట్టె వచ్చింది. పిల్లను మా చెల్లెలు చెయ్యి పట్టుకొచ్చి అప్పగించింది. పెట్టెను పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని అప్పగించాడు. ఆ రెంటిలో ఒకదాన్ని నేను సరిగా కాపాడలేకపోయాను. ఏదన్నది తేల్చి చెప్పడం నాకు ఇప్పటికీ అంత సులువు కాదు.

నేను పాత పుస్తకాలు బాగుచేస్తాను. గ్రంథాలయాలవాళ్ళు పురుగు తొలిచినవీ, తడిసి అట్టకట్టినవీ, వెన్ను విరిగినవీ మూటకట్టి పంపుతారు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, వాటిని పుటపుటా విడదీసి, పలచని కాగితం అతికించి, ఆరబెట్టి, తిరిగి కుట్టి పంపుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. రోగులెవరూ నోరు విప్పరు గనక నాకీ వైద్యం పట్టుబడింది. నెలకు రెండుసార్లకు మించి గుమ్మం దాటే అవసరం రాకుండా బతుకును అమర్చుకున్నవాణ్ణి.

మా చెల్లెలికి వేరే ఊళ్ళో ఆసుపత్రిలో నర్సుగా కొత్త ఉద్యోగం వచ్చింది. నర్సుల హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. క్వార్టరు ఇస్తామన్నారట, ఇచ్చేదాకా పిల్ల నా దగ్గర. పిల్ల తండ్రి ప్రసక్తి మా ఇంట్లో రాదు కాబట్టి ఇక్కడా రాదు.

"ఎన్నాళ్ళే?" అన్నాను.

"బళ్ళు తెరిచేలోపు తీసుకెళ్ళిపోతానన్నయ్యా. నిన్నేం విసిగించదు. దాని మానాన అది ఉంటుంది."

అది దాని మానాన అది ఉండే రకం కాదని మొదటిరోజే తేలిపోయింది. ఈ పుస్తకం ఎవరు చింపారు? చింపినవాళ్ళనెవరూ ఏమీ అనలేదా? నువ్వు బాగుచేశాక దీన్నెవరైనా చదువుతారా? చదవరని తెలిసీ ఎందుకు బాగుచేస్తున్నావ్? మూడోరోజు నుంచి తనని 'ప్లీడరుగారూ' అని పిలవడం మొదలుపెట్టాను. తనూ ఏ అభ్యంతరమూ లేకుండా పలకడం మొదలుపెట్టింది.

ప్లీడరుగారికి ఒక వ్యసనం ఉంది. పార్సిళ్ళు విప్పాలి; విప్పుతుంటే ఎవరైనా ఫోనులో వీడియో తీయాలి. పిల్లలూ పెద్దలూ బొమ్మల పెట్టెలు విప్పుతూ వీడియోలు తీసుకుంటారనీ, వాటిని లక్షలమంది నోళ్ళు తెరుచుకుని చూస్తారనీ నాకు అప్పటిదాకా తెలియదు. మా వీడియోలు చూసేది మటుకు ఒక్కరే, హాస్టల్లో ఉన్న వాళ్ళమ్మ. విప్పడానికి మా ఇంటికి వచ్చేవీ పుస్తకాల మూటలే.

"హాయ్ ఫ్రెండ్స్! వెల్‌కమ్ టు మామయ్య ఇల్లు! ఈరోజు మనకో పెద్ద పార్సిల్ వచ్చింది. ఏముంటుందో గెస్ చేయండి... మామయ్యా, చెయ్యి కదపకు... విప్పుతున్నాం, విప్పుతున్నాం... అయ్యో ఫ్రెండ్స్! మళ్ళీ ముసలి పుస్తకమే! వాసన చూడండి. సారీ, మీదాకా రాదు కదా."

మూడో వారంలో వచ్చిన పెట్టెలో ముసలి పుస్తకం లేదు. మా చెల్లెలు పంపిన నీలం అట్టపెట్టె. దానిమీద 'మేఘాల బడి' అని అక్షరాలు. తల్లీకూతుళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి కలిసి చూసిన కార్టూన్ అది. అందులో కంబళి అనే ఎలుగుబంటి పిల్ల ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా తన దుప్పటి ఈడ్చుకుంటూ వెళ్ళి, ముఖ్యమైన సమయానికి నిద్రపోతుంది. కొంగ మాస్టారని ఒకాయన ఉంటాడు. ఒంటికాలి మీద నిలబడి అందర్నీ తిడతాడు. ఇంకా నలుగురున్నారు. ఆ ఆరుగురివీ మెత్తటి బొమ్మలు కొద్ది సంఖ్యలో చేసి, ఏ పెట్టెలో ఎవరున్నారో పైకి తెలియకుండా మూసి అమ్ముతారట. విప్పితేనే తెలిసేది. ప్లీడరుగారికి కావలసింది కంబళి.

సాయంత్రం వీడియో కాల్‌లో వాళ్ళమ్మ ముందే హెచ్చరించింది.

"నేనొచ్చాకే విప్పాలి, తెలిసిందా?"

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిటే? క్యూలో గంటసేపు నిలబడింది నేను. చూసే హక్కు నాకు లేదా?"

"కొంగ మాస్టారొస్తే నేను ఏడ్చేస్తాను."

"ఏడుద్దాం. నాకూ ఆయనంటే గిట్టదు. ఇద్దరం కూచుని శుభ్రంగా ఏడ్చేసి, మొహాలు కడుక్కుని, భోంచేద్దాం. ఏముంది?"

ఫోను పెట్టేశాక పిల్ల ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"అమ్మక్కూడా తెలీదు మామయ్యా. నాకూ తెలీదు. ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. బావుంది కదా?"

"బావుంది" అన్నాను. తెలియకపోవడంలో బాగేమిటో నిజానికి నాకు బోధపడలేదు. తెలుసుకోవడమే చదువని నమ్మి, ఆ నమ్మకంతోనే పట్టాలు పుచ్చుకున్నవాణ్ణి.

పెట్టెను చూస్తూ చేతులు పిసుక్కుంటున్న పిల్లకు ఏదో ఒక వ్యాపకం ఉండాలని మా వృత్తి నియమం ఒకటి నేర్పాను. పుస్తకాన్ని విప్పడానికి ముందు, అది ఏ స్థితిలో చేతికొచ్చిందో అలాగే రాసిపెట్టుకోవాలి. కొలతలు, బరువు, గాయాలు, మరకలు. ఊహలు రాయకూడదు. ఆ వివరం రాయనిదే కత్తి ముట్టుకోకూడదు. ప్లీడరుగారు ఒక నోటుబుక్కు తీసుకుని, జిగురుపొడి తూచుకునే నా ఎలక్ట్రానిక్ త్రాసు దగ్గరకు లాక్కుని రాసింది.

'పెట్టె. రంగు నీలం. పొడవు 13, వెడల్పు 10, ఎత్తు 16. ఒక మూల నొక్కుకుంది. పోస్టుమాన్ అంకుల్ నొక్కలేదట. ఊపితే చప్పుడు రాదు. బరువు 212 గ్రాములు. లోపల కంబళి ఉందనిపిస్తోంది కానీ అది రాయకూడదని మామయ్య అన్నాడు.'

ప్రతి ఆదివారం పొద్దున పెట్టెను తూచి, ఆ పేజీ ఫోటో వాళ్ళమ్మకు పంపేది. రెండు వందల పన్నెండు. మళ్ళీ రెండు వందల పన్నెండు.

"ఎందుకే మాటిమాటికీ?"

"పెరుగుతుందేమోనని."

ఆ వారాల్లో నేను జడ వేయడం నేర్చుకున్నాను. పుస్తకాల వెన్ను కుట్టే చేతికి మూడు పాయలొక లెక్కా అనుకున్నాను; పుస్తకం తల తిప్పి మాట్లాడదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం నేను పని చేసుకుంటుంటే బల్ల కింద చాప వేసుకుని పడుకునేది. కింద నుంచి ప్రశ్న వచ్చేది, పైనుంచి సమాధానం వెళ్ళేది. ఒక్కోసారి ప్రశ్న సగంలో ఆగిపోయేది. వంగి చూస్తే నిద్రపోయి ఉండేది. ఆ మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ కుట్టిన పుస్తకాలు రెండు మూడున్నాయి.

క్వార్టరు ఇంకా ఆలస్యమవుతుందని చెల్లెలు చెప్పిన ప్రతిసారీ "అయ్యో" అన్నాను. ఆ అయ్యోలో సగం అబద్ధం.

ఎనిమిదో వారంలో చెల్లెలు ఫోనులో అరిచినంత పని చేసింది. "వచ్చేసిందన్నయ్యా! రెండు గదులు! వచ్చే ఆదివారం కాక పై ఆదివారం బయల్దేరి వస్తున్నా!" పిల్ల గదంతా గెంతి, పెట్టెను ఎత్తుకుని ముద్దుపెట్టి, "కంబళీ, ఇంక పదకొండు రోజులే" అంది.

కంబళి అన్నది. పెట్టె అనలేదు.

ఆ పిలుపు నన్ను పట్టుకుంది. ఆరింట ఒకటే అవకాశం. పదకొండు రోజులు కంబళీ అని పిలిచి, చివరికి ఒంటికాలి కొంగను చూస్తే ఆ మొహం ఏమవుతుంది? నాలో నేను ఇలాగే వాదించుకున్నాను. వాదన సబబుగానే ఉంది. కాకపోతే దాని అడుగున ఇంకొకటుంది. ఆ పిల్ల ఈ ఇల్లు వదిలి వెళ్ళే రోజున, ఎవరికీ తెలియకపోయినా సరే, దాని సంతోషం నా చేతి మీదుగా జరగాలని కోరుకున్నాను.

మర్నాడు పిల్ల పక్కింటి డ్రాయింగు టీచరమ్మ దగ్గరకు వెళ్ళింది. నేను కెటిల్‌లో నీళ్ళు పెట్టాను.

మూత మీద గుండ్రటి సీలు కాగితం. ఆవిరికి జిగురు మెత్తబడ్డాక పలచని ఎముకబద్దతో, అంచు లేవకుండా, పోగు తెగకుండా ఎత్తాను. లోపల వెండిరంగు సంచి. దాని అతుకును సూదిమొనంత ఎడంతో మొదలుపెట్టి విడదీశాను. మూడు వందల ఏళ్ళ నాటి కాగితానికి కూడా అంత మర్యాద చేసి ఉండను. నా వృత్తిలో మొదటిసారిగా, విప్పే ముందు వివరం రాసుకోలేదు. దొంగతనానికి రికార్డు ఎవరు రాసుకుంటారు?

లోపల కొంగ మాస్టారు ఉన్నాడు. ముక్కు మీద కళ్ళజోడు, చంకలో బెత్తం.

నా కళ్ళద్దాలు చేసే షాపాయనకు ఈ బొమ్మల పిచ్చి ఉందని నాకు తెలుసు; ఒక గోడ నిండా ఫ్రేములు, ఎదుటి గోడ నిండా బొమ్మలు ఉంటాయి. కొంగను సంచిలో వేసుకుని, గొడుగు వేసుకుని, ఆ మిట్టమధ్యాహ్నం బయల్దేరాను.

"మాస్టారూ, మీరా! ఈ ఎండలో! అద్దాలు పగిలాయా?"

"లేదండీ. కంబళి కావాలి."

"ఈ ఎండల్లో కంబళేమిటి సార్..." అనబోతూ, నేను సంచిలోంచి తీసిన కొంగను చూడగానే ఆయన మొహమంతా వెలిగిపోయింది. "ఓహో! మీరూ మా మనిషేనన్నమాట! చెప్పరేం!"

"నాక్కాదు, మా మేనకోడలికి."

"అందరూ మొదట అలాగే అంటారు సార్." నిచ్చెన వేసుకుని పైఅర నుంచి ఒక కంబళిని దించాడు. "నా దగ్గర రెండున్నాయి కాబట్టి సరిపోయింది. డబ్బులంటే మాత్రం ఊరుకోను. మాలో కట్టుబాటుంది, బొమ్మకు బొమ్మే. కొంగ మాస్టారా..." నిట్టూర్చాడు. "పెట్టె విప్పితే చాలు, ఈయనే నిలబడుంటాడు. ఇప్పటికే పదిమంది ఉన్నారు. పోన్లెండి, పదకొండో ఆయన. బడి పెట్టిస్తా."

కంబళి వెంట ఉండాల్సిన బొమ్మకార్డు కూడా అడిగి తెచ్చుకున్నాను. ఏ ఒక్క వివరమూ వదల్లేదు. వెండి సంచిని చిన్న ఇస్త్రీమొనతో తిరిగి అతికాను. సీలు కాగితాన్ని దాని పాత నీడ మీదే, వెంట్రుకవాసి తేడా లేకుండా దించాను. ప్లీడరుగారు వచ్చేసరికి పెట్టె అరలో తన చోట తాను ఉంది.

ఆదివారం పొద్దున నేను బల్ల దగ్గర దారానికి మైనం రాస్తున్నాను. పిల్ల పెట్టెను త్రాసు మీద పెట్టింది. కొంచెం ఆగి, తీసి, త్రాసును సున్నాకు తెచ్చి, మళ్ళీ పెట్టింది. నేను కూర్చున్నచోటికి ఎర్రటి అంకెలు కనిపిస్తున్నాయి. రెండు వందల ముప్పై ఆరు.

పిల్ల పెట్టెను చేతిలోకి తీసుకుని నాలుగు పక్కలా తిప్పింది. సీలు అంచున గోటితో రాసి చూసింది. అక్కడ దొరకడానికి ఏమీ లేదు. నా పని మంచిది.

"మామయ్యా, త్రాసు బానే ఉందా?"

చెడిపోయిందని ఒక్కమాట అంటే సరిపోయేది. ఇరవై ఆరేళ్ళలో నా పనిముట్ల మీద నేనెప్పుడూ చాడీ చెప్పలేదు. ఆ అలవాటే నోటికొచ్చింది.

"బానే ఉంది" అన్నాను.

నా వైపు చూసింది. ప్రశ్నేమీ లేదు. నోటుబుక్కు తీసి, వంగి, రాసింది. ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపింది. స్నానానికి వెళ్ళాక నేను లేచి చూశాను. ఎప్పటికంటే గుండ్రంగా, ఎప్పటికంటే శ్రద్ధగా రాసి ఉంది: 'బరువు 212 గ్రాములు.'

ఆ రోజు తర్వాత పెట్టెను ఒళ్ళో పెట్టుకోలేదు. కంబళీ అని పిలవనూ లేదు. జడ వేయించుకునేటప్పుడు తల కదపకుండా కూర్చుంది.

చెల్లెలు వచ్చింది. సామాను గుమ్మంలోనే వదిలేసి, "ముందు పెట్టె! నీళ్ళు తర్వాత!" అని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఫోను నా చేతికిచ్చారు.

"హాయ్ ఫ్రెండ్స్! వెల్‌కమ్ టు మామయ్య ఇల్లు! ఈరోజు స్పెషల్ గెస్ట్... మా అమ్మ!"

"హాయ్ ఫ్రెండ్స్" అంది చెల్లెలు సిగ్గుపడుతూ. "అన్నయ్యా, నా జుట్టు బావుందా?"

తల్లి చెయ్యి పిల్ల చెయ్యి మీద. ఇద్దరూ కలిసి సీలు లాగారు, సంచి చింపారు. ముందు దుప్పటి కొస బయటపడింది. చెల్లెలు కెవ్వున కేకపెట్టింది. "కంబళే! కంబళేనే! నేను చెప్పలే!" అని పిల్లను పట్టుకుని ఊపేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పన్నెండు గంటల డ్యూటీలు చేసి కళ్ళకింద నల్లబడ్డ మనిషి, చిన్నప్పుడు పందెంలో నా పెన్ను గెలుచుకున్నప్పుడు ఎలా ఎగిరిందో అలా ఎగిరింది.

పిల్ల కూడా అరిచింది. ఆ వీడియో నా దగ్గర ఇప్పటికీ ఉంది. పెట్టె తెరుచుకునే క్షణంలో ఎవరైనా లోపలికి చూస్తారు. ఆ పిల్ల వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. చూసి, అక్కడున్నదాన్ని తన మొహం మీదికి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున కారు వచ్చింది. డ్రైవరుతో సామాను సర్దించడానికి చెల్లెలు కిందికి దిగింది. పిల్ల చెప్పులేసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మ పంపింది ఎవరిని?"

నేను దారపుకండె అక్కడి నుంచి తీసి ఇక్కడ పెట్టాను.

"కొంగ మాస్టారిని."

ఊహించని విధంగా పిల్లకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"అయితే ఏడ్చేవాళ్ళం" అంది. "ఇద్దరం."

"నువ్వు కంబళి కావాలన్నావు కదే..."

"కావాలన్నాను. అమ్మ పంపింది కావాలి." చెప్పు పట్టీ బిగించింది. "ఎక్కడున్నాడు?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"కళ్ళద్దాల షాపాయనకి."

ప్లీడరుగారు లేచి నిలబడింది. అరవలేదు. "అమ్మకి చెప్పకు" అంది. "నేను కూడా చెప్పను." కింద కారు హారన్ కొట్టింది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆ కొంగని మళ్ళీ తీసుకో. నాది అది."

ఇల్లు మళ్ళీ నా అమరికలోకి వచ్చింది. బల్ల కింద చాప చుట్టి మూలన నిలబెట్టాను. పని చేస్తూ ఏదో ఒకటి పైకి చెప్పి, కింది నుంచి ఏమీ రాకపోతే, పొరపాటు తెలిసేది. మూడోరోజుకు చేస్తున్న పుస్తకం పక్కన పెట్టి, గొడుగు తీసుకున్నాను.

షాపాయన నన్ను చూసి, సంగతి విని, తల గోక్కున్నాడు.

"కొంగ మాస్టార్లు పదకొండు మందీ ఇక్కడే ఉన్నారు సార్. మీరిచ్చిన ఆయన ఎవరో చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. మొన్న అరలన్నీ దులిపించాను, అందరూ కలిసిపోయారు. ఏదో ఒకటి పట్టుకెళ్ళండి. అన్నీ ఒకే అచ్చు కదా!"

కౌంటరు మీద పదకొండు కొంగలను వరుసగా నిలబెట్టాడు. ఒకే గ్రంథానికి రెండు ప్రతులిస్తే అక్షరం ఒంపు చూసి ఏది ముందుదో చెప్పగలిగినవాణ్ణి. కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కొక్కదాని కుట్టూ, కళ్ళూ, కాలి వంపూ చూశాను. నేను బయటికి తీసినదాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను. వివరం రాసుకోలేదు కదా.

అక్కడి నుంచే వీడియో కాల్ చేశాను. పిల్ల వెంటనే ఎత్తింది. వెనక ఖాళీ గోడ, ఇంకా విప్పని అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి.

"అమ్మ ఏదే?"

"డ్యూటీ. ఎనిమిదింటికి వస్తుంది. ఒక్కదాన్నే ఉన్నా. దొరికాడా?"

"పదకొండు మంది దొరికారు. మనవాడెవరో తెలీడం లేదు."

ఆలోచించింది. "ఒక్కొక్కళ్ళనీ చూపించు."

మొదటి కొంగను ఫోనుకు ఎదురుగా పట్టుకున్నాను. కళ్ళు చిట్లించి చూసింది. "వెనక్కి తిప్పు. కాలు చూపించు. కాదు."

రెండోది. "కాదు."

మూడోది చూపిస్తుండగా, కొత్త బడి ఎప్పుడు తెరుస్తారని అడిగాను. సోమవారమంది. జడ ఎవరు వేస్తున్నారంటే, అమ్మే, కానీ గట్టిగా లాగుతోందంది. "కాదు, ఇతను కూడా కాదు."

షాపాయన నా చెవి దగ్గరకు వంగాడు. "పాపకెలా తెలుస్తుంది సార్? అసలు చూడనే లేదన్నారుగా!"

నాలుగోది, ఐదోది, ఆరోది. ఒక్కొక్క కొంగకూ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎంతో సేపు తీసుకుంది. పదకొండోదాన్ని అటు తిప్పించి, ఇటు తిప్పించి, బెత్తం దగ్గరగా చూపించమని, అప్పుడు తల అడ్డంగా ఊపింది.

"అయిపోయారా?"

"అయిపోయారు."

అటు ఖాళీ గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"సరిగా చూశానో లేదో, మామయ్యా. మళ్ళీ మొదట్నుంచి చూపించు."

షాపాయన ఒక స్టూలు తెచ్చి నా వెనక వేశాడు. నేను కూర్చుని, మొదటి కొంగను చేతిలోకి తీసుకున్నాను.